కుడి పైట

"ఎవడు వేశాడమ్మా దీన్ని? చెయ్యి విరగ్గొట్టాలి!"

విశ్వనాథం అరుపుకి ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు సంఘం హాలు దద్దరిల్లింది. 2009 బొమ్మల పోటీకి ఆయనే జడ్జి. ముప్పై ఏళ్లుగా మనుషుల బొమ్మలే వేసిన చెయ్యి ఆయనది. చెట్టూ చేమా జోలికి ఏనాడూ పోలేదు.

"పేర్లు చెప్పకూడదంకుల్, నంబర్లే," అంది పోటీ నడుపుతున్న వర్ష. "నాకైతే లెవెన్ చాలా నచ్చింది."

పదకొండో నంబరు బొమ్మలో ఒకావిడ తల వంచుకుని కుంచె పట్టుకుంది. మొహం కనపడదు. పాపిట ఒక్కటే.

"నచ్చిందా? పైట చూడు, కుడి భుజమ్మీద! మనాడవాళ్లు పైట ఎటు వేస్తారో కూడా తెలీదు వీడికి."

"గుజరాతీ ఆంటీ ఏమో?"

"గుజరాతీ కట్టయితే కొంగు ముందుకి రావాలి. ఇది వెనక్కి పోయిందిగా! కుంచె చూస్తే ఎడం చేత. పైగా కుడి ముంజేతి మీద ఇంత కాలిన మచ్చ! ఆడమనిషిని వేస్తూ మచ్చలు వేస్తారా ఎక్కడైనా?"

ఆయన భార్య రాధారాణి ఫ్లాస్కులోంచి కాఫీ వంపుతోంది. ఆ చెయ్యి ఆగింది.

"పోనీ గోడకి పెట్టనివ్వండి. నలుగురూ చూస్తారు."

"నీకేం తెలుసు? నోర్మూసుకో!"

వర్షకి ఒళ్లు మండింది. "అదేంటంకుల్! మీ బొమ్మలన్నిటికీ ఆంటీనే కదా కూర్చునేది?"

"కూర్చుంటే? బొమ్మలు వచ్చేస్తాయా? ఈవిణ్ణి నేను కళ్లు మూసుకుని వేసేస్తాను."

మార్కుల కాగితం చిరిగేలా పదకొండుకి ఎదురుగా సున్నా చుట్టాడు.

"ఇది గోడెక్కితే నేను ఈ హాలు గడప తొక్కను. పిలు వాణ్ణి! పైట ఎటో నేర్పి పంపిస్తా."

వర్ష రాధారాణి వైపు చూసింది.

రాధారాణి కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది. కాఫీ తొణికి సున్నా తడిసింది. స్వెట్టర్ చెయ్యి మోచేతి దాకా లాగి, ఎడం చెయ్యి ఆయన మొహం ముందు పెట్టింది.

"మీరు షికాగో షోకి పోయినప్పుడు అద్దంలో చూసుకుని వేశాను. అందుకే ఎడం కుడీ తారుమారైంది. ముప్పై ఏళ్లు నన్ను చూసే వేశారుగా, ఈ మచ్చ ఎప్పటిదో చెప్పండి!"