తువ్వాల కింద బేరం

“ఫోను పక్కన పెట్టి, ఆమెతో కూర్చుని అన్నం తిన్నారా?” అడిగింది శరణ్య మేడమ్.

“రెండు దినాలు తిన్నానమ్మా. మూడో దినం మిల్లు వాళ్ల ఫోనొచ్చె...” బాలకృష్ణయ్య తల గోక్కున్నాడు.

ఆదోనిలో పత్తి దలాలీ చేసే పెద్దమనిషి, గురువారం గురువారం యెమ్మిగనూరు వచ్చి, కాపురం ఎలా చేయాలో కూతురి వయసు పిల్ల దగ్గర నేర్చుకుంటున్నాడు. ఖర్మ కాకపోతే ఏమిటి! మార్కెట్ యార్డులో తెలిసిందంటే తలెత్తుకు తిరగలేడు. అందుకే ఇంట్లో “నందవరంలో పత్తి చూసొస్తా” అని చెప్పి బస్సెక్కుతాడు.

మూడు నెలల కిందట అతని భార్య అమృతవల్లి మాటలు మానేసింది. అరిచి గోల చేసినా బాగుండేది. వేళకు కంచం పెడుతుంది, మంచినీళ్లు పెడుతుంది, నోరు మాత్రం విప్పదు. విప్పితే సోమవారం ఒక్కరోజే, “యెమ్మిగనూరులో మా అక్కింటికి పోయొస్తా” అని. ఏదో ఒక సోమవారం అక్కడే ఉండిపోతుందేమోనని బాలకృష్ణయ్యకు ఒకటే దడ. ఆ దడ చూడలేక స్నేహితుడు సోమప్ప ఈ కౌన్సెలింగ్ సంగతి చెవిలో వేశాడు. “నాకెట్ల తెలుసని మాత్రం అడగొద్దప్పా” అన్నాడు.

పది వారాలు రావాలని మేడమ్ మొదటి రోజే చెప్పింది. ఇది ఏడోది. ఆమెకు దివ్యదృష్టి ఉందో ఏమో! తింటూ ఫోను మాట్లాడతాడని, భార్య ఏం చెప్పినా “ఆఁ, సరే” అంటాడని, ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా కూర బాగుందనలేదని, అతను నోరు తెరవకముందే చెప్పేసింది.

“ఈ వారం రోజూ ఐదు నిమిషాలు ఆమె చెయ్యి పట్టుకోండి.”

“అయ్యయ్యో, ఇంట్లో కోడలుంటాదమ్మా!”

“ఏదో ఒక దారి చూసుకోండి” అని నవ్వింది మేడమ్.

శుక్రవారం ధైర్యం చాలలేదు. శనివారమూ అంతే. సోమవారం అమృతవల్లి అక్కింటికి వెళ్లలేదు. ఎందుకని అడగడానికీ భయమే వేసింది. మంగళవారం సాయంత్రం కోడలు వంటింట్లో ఉండగా, వెళ్లి భార్య పక్కన కూర్చుని, ఆమె చేతి మీద తన తువ్వాల కప్పి, కింద నుంచి వేళ్లు పట్టుకున్నాడు.

“ఏందిది?” అందామె.

“బేరం. మా నాయన కాలంలో యార్డులో ధరలు ఇట్లనే సెప్పుకునేటోళ్లు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు. పక్కనోళ్లకు తెలీదు.”

అమృతవల్లి ఫక్కున నవ్వింది. మూడు నెలల తర్వాత విన్న ఆ నవ్వుకు బాలకృష్ణయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. హమ్మయ్య, ఇక గురువారాలు బస్సెక్కే పని లేదనుకున్నాడు.

“తప్పు నాదే అమృతా. నువ్వు మాట్లాడకుంటే నేనుండలేను. ఏం కావాల్నో అడుగు.”

ఆమె తువ్వాల కింద అతని మూడు వేళ్లు గట్టిగా పట్టుకుంది.

“మూడు చీరలా?”

కాదని తల ఊపింది.

“మూడు తులాలా?” గుటక మింగాడు. “సరే, ఎట్లోకట్ల కొంటాలే.”

అదీ కాదంది.

“మూడు నెలలు మీ అక్కింటికి పోతావా ఏంది?”

అమృతవల్లి వంటింటి వైపు ఒకసారి చూసి, అతని చెవి దగ్గరికి వంగింది.

“మేడమ్ దగ్గర మీకింకా మూడు వారాలుండాయి, నావి పదీ అయిపోయినాయి.”