తబిత అంటే లేడి

రవిశంకర్ సార్ బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాశారు. నీ పేరుకు అర్థం ఏమిటి? అది ఏ భాష మాట? ఆ పేరుతో ప్రసిద్ధి పొందినవాళ్ళు ఎవరు? నీకు ఆ పేరు ఎవరు, ఎందుకు పెట్టారు?

ఎనిమిదో తరగతిలో మొదటి మూడింటికీ అందరికన్నా ముందు జవాబు రాసింది తబితే. పేరుకు అర్థం లేడి. యేసు ప్రభువు కాలంలో మాట్లాడుకున్న అరమాయిక్ భాష మాట. పూర్వం యొప్పే అనే ఊళ్ళో తబిత అనే ఆవిడ విధవరాళ్ళకు బట్టలు కుట్టి ఇచ్చేది. ఆమె జబ్బుచేసి చనిపోతే, పేతురు వచ్చి ప్రార్థన చేసి లేపాడు. గ్రీకులో ఆవిణ్ణి దొర్కా అన్నారు. చర్చిల్లో ఆడవాళ్ళ కుట్టు సంఘాలకు ఇప్పటికీ ఆ పేరు పెడుతుంటారు.

నాలుగో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది.

"నాకీ పేరు ఎవరు పెట్టారమ్మా?"

ఇంట్లో తల్లి శాంతి కుట్టు మిషన్ తొక్కుతూనే ఉంది. మాచర్లలో ఆ వీధి జాకెట్లన్నీ ఆమె చేతి మీద నుంచి పోవాల్సిందే.

"నీకు మేం కొత్తగా పెట్టిందేం లేదు," అంది. "దేవుడిచ్చిన పేరని రాసుకో పో."

పేరుకు లేడే గానీ తబితకు పరుగు రాసిపెట్టి లేదు. బడికి నాన్న ఫ్రాన్సిస్ ఆటోలో పోవాలి, అదే ఆటోలో ఇంటికి రావాలి. ఆటలు వద్దు. వీధి కుళాయి వద్దు. కాలువ గట్టు మాటెత్తితే చాలు, అమ్మ ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. "నీకు నీళ్ళు అచ్చిరావు," అంటుంది. ఆ సంగతి ఎవరు తేల్చారో చెప్పదు.

తబితది ఎడమచేతి వాటం. అదీ తప్పే. "చిన్నప్పుడు కుడిచేత్తోనే తినేదానివి గదే. ఈ పాడు అలవాటు యాడ నేర్చావు?" అని గోడమీద ఫోటో చూపిస్తుంది. అందులో ఏడాది పిల్ల, కుడిచేతిలో బిస్కెట్టు పట్టుకుని నవ్వుతుంటుంది. ఆ ఫోటోను చూస్తే తబితకు ఒళ్ళు మండుతుంది. ఆ పిల్ల ఏం చేసినా అమ్మకు ముద్దే. తను ఏం చేసినా తప్పే.

ఇక పుట్టినరోజు. ఏటా అమ్మ కొత్త గౌను కుట్టి తొడుగుతుంది. తొడిగి, వంటింట్లోకి పోయి ఏడుస్తుంది. ఎందుకని అడిగే ధైర్యం నాన్నకే లేదు, తనకెక్కడిది?

అన్నిటికీ మించి ఇప్పుడు సాగర్ టూర్ వచ్చిపడింది. బడివాళ్ళు లాంచీలో నాగార్జునకొండకు తీసుకుపోతారట. ఫారంలో పేరూ, పుట్టిన తేదీ తనే గుండ్రంగా రాసుకుంది. పెద్దవాళ్ళ సంతకం ఒక్కటే తక్కువ. సోమవారం ఆఖరు.

"సంతకం పెట్టమ్మా."

"పెట్టను."

"అందరూ పోతన్నారు."

"అందరూ నా కూతుళ్ళు కాదు."

తబిత నాన్న వైపు చూసింది. ఆయన బయటికి పోయి ఆటో అద్దం తుడవసాగాడు. అప్పటికది రెండోసారి.

ఆ ఆదివారం సమాధుల పండగ. ఏటా ఆ రోజు అమ్మా నాన్నా సొంతూరు రెంటచింతల వెళ్ళి తాత జీవరత్నం సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వస్తారు. తబితను ఒక్కసారీ తీసుకుపోలేదు. ఈసారీ అంతే. బయట తాళం వేసి, తాళంచెవి పక్కింటి హజ్రా బీ చేతిలో పెట్టి పోయారు.

తబిత కిటికీ ఊచలు పట్టుకుని పిలిచింది. "తాళం తియ్యి పిన్నీ. అమ్మకాడికే పోతా. సమాధుల కాడ చర్చి ఫాదర్ ఉంటాడు, ఆయన ఎదురుగా అడిగితే అమ్మ కాదనలేదు."

"తియ్యమాకని మరీమరీ చెప్పింది మీ అమ్మ."

"ఈ సంతకం పడకపోతే నేనిక ఎప్పటికీ ఈ ఇల్లు కదలను పిన్నీ."

హజ్రా బీ ఆ ఊచల వంక, వెనకున్న ముఖం వంక చూసింది. "పదమూడేళ్ళ పిల్లకి ఇంత కాపలా ఏందో," అని గొణుక్కుంటూ తాళం తీసింది. తనే బస్టాండు దాకా వచ్చి రెంటచింతల పోయే పల్లెవెలుగు బస్సు ఎక్కించింది.

ఆడవాళ్ళకు టిక్కెట్టు ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టర్ కార్డు చూసి, పిల్లను చూసి, మళ్ళీ కార్డు చూశాడు.

"పదమూడా? పదకొండు కూడా నిండినట్టు లేవే. ఇంట్లో తిండి పెట్టరా?"

బస్సులో నవ్వారు. తబితకు కొత్తేం కాదు. తరగతిలో కూడా అందరికన్నా పొట్టి తనే. కిటికీలోంచి గాలి ముఖానికి కొడుతుంటే, ఆ దారంతా తబిత నిజంగానే సంతోషంగా ఉంది.

శ్మశానం నిండా జనం. బంతిపూలు, తడి సున్నం వాసన, కొవ్వొత్తులు. తాత సమాధి తొందరగానే దొరికింది. దాని మీద ఒక్క కొవ్వొత్తి ఉంది, మనుషులు లేరు. అమ్మా నాన్నా దూరంగా, గోడ వారగా, మూరెడు సమాధి ముందు కూర్చుని ఉన్నారు.

తబిత ఫారం మడత విప్పుకుంటూ వెనకగా వెళ్ళింది.

"అమ్మా."

శాంతి ఉలిక్కిపడి లేచి సమాధి మీది శిలువకు అడ్డం నిలబడింది. కూతురు ముందు ఎన్నడూ నోరెత్తని ఫ్రాన్సిస్ ఆమె భుజం పట్టుకుని పక్కకు జరిపాడు.

"చూడనీ శాంతీ. కాలువలో పోయింది ఇది కాదు."

తబిత చేతిలోని ఫారంలో ఉన్న పేరూ, పుట్టిన తేదీయే ఆ శిలువ మీదా ఉన్నాయి. ఫారంలో లేనిది వాటి కింద ఇంకొక్క తేదీ, పదకొండేళ్ళ కిందటిది.