తుప్పుమేకు

“ఛీ! మళ్ళీ వాడే!”

క్లైడ్ అప్పుడే సముద్రపు ఒడ్డు నుంచి నడక ముగించుకుని వచ్చాడు. కంప్యూటర్ తెర చూడగానే మొహం చిట్లించి, చేతిలోని టీ కప్పును విసురుగా బల్ల మీద పెట్టాడు. వంటింట్లోంచి భార్య నొరీన్ తొంగి చూసింది.

“ఈసారి ఏమన్నాడేంటి?”

“‘ఒరేయ్ ముసలోడా, ఉన్నావా, పోయావా? కొత్త వెర్షన్ ఎప్పుడు? చేతకాకపోతే తప్పుకో!’ అంటున్నాడు. అదీ అందరూ చూసేచోట.”

“పేరూ ఊరూ లేని వెధవ. పట్టించుకోకు.”

“పేరు లేకేం? ‘తుప్పుమేకు’ అని పెట్టుకున్నాడుగా!”

టాస్మేనియాలోని బర్నీ కాగితం మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన క్లైడ్ హ్యాసెట్‌కి అరవై రెండేళ్ళు. పద్నాలుగేళ్ళుగా ఒక కంపైలర్‌ను ఒంటిచేత్తో నడుపుతున్నాడు. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను చిప్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ అది. ఆ చిప్‌లు గోరంత ఉంటాయి. తయారుచేసిన కంపెనీయే వాటిని ఏనాడో గాలికొదిలేసింది. అయినా పాలు పితికే యంత్రాల్లో, నీటి పంపుల్లో, రైల్వే గేట్లలో ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. కంపైలర్ అందరికీ ఉచితం. బాగున్నన్నాళ్ళూ ఎవరికీ క్లైడ్ గుర్తురాడు. చెడితే మాత్రం “రేపటికల్లా బాగుచెయ్యి” అని హుకుం జారీ చేస్తారు. దయచేసి అన్న ముక్క కూడా ఉండదు.

ఆ మొరటుతనం అతనికి అలవాటే. తుప్పుమేకుది మాత్రం వేరే రకం. ఏడు నెలలుగా దాదాపు రోజూ తిట్లే. తప్పు ఎక్కడుందో ఒక్కసారీ చెప్పి ఎరగడు. నిషేధిస్తే పేరు చివర ఒక అంకె తగిలించుకుని మళ్ళీ వస్తాడు. ఈమధ్య కంప్యూటర్ ముందు కూర్చోవాలంటేనే క్లైడ్‌కి రోత పుడుతోంది.

ఆ రోతలో ఒక్కటే ఊరట, ఫిజీలోని సువా నుంచి లిటియా. నది పొంగితే ఊళ్ళను హెచ్చరించే అలారాలు తయారుచేస్తుంది. రెండేళ్ళుగా కంపైలర్‌లో తప్పులు వెతికి, దిద్ది పంపుతోంది. ఆమె దిద్దినచోట మళ్ళీ చెయ్యి పెట్టాల్సిన పనుండదు.

“కంపైలర్ తాళాలు, అదే పాస్‌వర్డ్‌లన్నీ, లిటియాకి ఇచ్చేస్తా నొరీన్. ఇంకో ఐదారేళ్ళు పక్కనుండి అన్నీ నేర్పిస్తా” అన్నాడు క్లైడ్.

“ఇంకో ఐదారేళ్ళా?”

ఆమె ఆల్చిప్ప మాంసం కూరి కాల్చిన ‘స్కాలప్ పై’ ముక్కను అతని ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

“ఆ తిట్లు ఎన్నింటికి వస్తుంటాయి?”

“మధ్యాహ్నం మూడు, మూడున్నర.”

“అమెరికాలో అప్పుడు అర్ధరాత్రి కదూ? యూరప్‌లో సరిగ్గా తెల్లారదు. మరి ఫిజీలో?”

క్లైడ్ ఫోర్కు కింద పెట్టేశాడు.

“నాకేం తెలుసులే” అంది నొరీన్. “ఒకడు తిట్టి తరుముతాడు, ఇంకొకరు తియ్యగా మాట్లాడి తాళాలు తీసుకుంటారు. ఇద్దరూ ఒకరే. ఇలాంటి మోసాలు జరుగుతాయని లైబ్రరీలో పత్రికలో చదివాను. అంతే.”

నాలుగు రోజులు క్లైడ్ పాత ఉత్తరాలన్నీ తిరగేశాడు. లిటియా పని పంపిన రోజుల్లో, అటూ ఇటూగా ఆ గంటల్లోనే, తిట్లూ ఉన్నాయి. అనుమానం ఒకసారి వచ్చాక ప్రతి తేదీ సాక్ష్యంలాగే కనిపించింది. ఐదో రోజు వీడియో కాల్ చేశాడు.

“తుప్పుమేకు నువ్వేనా?”

లిటియా పకాలున నవ్వింది. అతని మొహం చూసి ఆగిపోయింది.

“ఏంటి క్లైడ్ గారూ, ఆ మాటలు?”

“సూటిగా చెప్పు. నన్ను తిట్టి తిట్టి వెళ్ళగొట్టి, తాళాలు లాక్కుందామనేగా?”

“మొన్న వరదలో నలభై ఇళ్ళవాళ్ళు నీళ్ళు రాకముందే మెట్టకి చేరారు. మా అలారం మోగబట్టే! ఆ సంగతి మీకు నేనే చెప్పాలని ఎదురుచూస్తున్నాను. మా అమ్మకి మీ ఫోటో చూపించానండీ, ఈయనే మా గురువుగారని. ఛీ! మీ తాళాలూ వద్దు, మీ చిప్‌లూ వద్దు. నా అలారాలకి వేరేవి చూసుకుంటా.”

తెర నల్లబడింది. ఆ సాయంత్రమే ఆమె కంపైలర్ పేజీ నుంచి తన పేరు తీసేసుకుంది.

సోమవారం క్లైడ్ నడక నుంచి వచ్చేసరికి కొత్త తిట్టు ఎదురుచూస్తోంది: ‘ఫిజీ పిల్లని కూడా తరిమేశావా? నీతో ఎవరు వేగుతార్రా?’

క్లైడ్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. తాళాలే వద్దని వెళ్ళిపోయిన పిల్లకి తనను ఇంకా తిట్టాల్సిన పనేముంది? ఇన్నాళ్ళూ ఆ తిట్లు పంపినవాడి మీదున్న అసహ్యం ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. లిటియాకి మూడుసార్లు క్షమాపణ రాశాడు. జవాబు రాలేదు. బుధవారం పేజీ మీద ఒక్క ముక్క పెట్టాడు: ‘ఈ కంపైలర్‌ను ఇక ఎవరూ చూడరు.’ కంప్యూటర్ తీగ గోడలోంచి పీకి చుట్టచుట్టాడు.

“వాడే గెలిచాడు” అన్నాడు.

నొరీన్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. “పోనీ క్లైడ్. నిన్ను చూస్తే ఆ పీడ వదిలినట్టే ఉంది.”

మర్నాడు పొద్దున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నింపాదిగా టిఫిన్ తిన్నారు. అలా తిని ఎన్నేళ్ళయిందో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

“తీరం వెంట స్టాన్లీ ఊరి దాకా వెళ్ళొద్దామా?” అడిగింది నొరీన్.

“ఎక్కడికైనా సరే” అని అతను కారు బయటికి తీయడానికి వెళ్ళాడు.

నొరీన్ ఫోన్ తీసి, తన ‘తుప్పుమేకు’ అకౌంట్‌ను మూసేసింది.