గొంతెత్తిన మందులపెట్టె

అప్పటికి ప్రతి ఇంటి గోడకూ మాట్లాడే మందులపెట్టె వచ్చేసింది. కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చిన ఆడబిడ్డ దమయంతి కాఫీ ఒక గుక్క తాగిందో లేదో, సత్యవేణి ఇంటి పెట్టె గొంతెత్తింది.

"సత్యవేణిగారూ, హెచ్ఐవీ మాత్ర వేళయింది. మీ రక్తంలో వైరస్ జాడ కనిపించడం లేదు. శభాష్!"

దమయంతి గ్లాసు కింద పెట్టేసింది. "ఛీ, దాని నోరు నొక్కెయ్యకూడదటే? పెళ్లికొచ్చిన ఆ ఒక్కపూటా మాత్ర మానెయ్. నువ్వు మాత్ర తీసుకుంటుంటే మా ఇంటి పెట్టె కూడా ఇలాగే అరుస్తుంది, నలుగురూ వింటే మా పరువేం కాను?"

సత్యవేణి మాత్ర మింగి, నింపాదిగా నీళ్లు తాగి, ఆవిడని పురుగుని చూసినట్టు చూసింది. తన మొగుడు ఈ అక్కగారికి జడిసే, చుట్టాలొచ్చినప్పుడల్లా ఇవే మాత్రలు మానేసి మానేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. అతని దినం నాడు గారెలు మళ్లీ మళ్లీ అడిగి వేయించుకు తిన్నదీ ఈవిడే.

"మీ పరువు కోసం మీ తమ్ముడు చచ్చాడు, చాలదా వదినా? నాకు బతకాలనుంది."

దమయంతి ముహూర్తమైనా చెప్పకుండా విసవిసా లేచిపోయింది. సత్యవేణి సాగనంపలేదు. 'ఇక తద్దినానికి కూడా పిలవక్కర్లేదు, పీడా వదిలింది' అనుకుని వీధి తలుపు వేసేసింది.