బూడిద పూసుకున్న చీమలు

ఒక పుట్టలో ఎర్రచీమలు లోపల పనిచేసి గింజలు కూలిగా పొందేవి. నల్లచీమలు బయట బరువులు మోస్తే పొట్టు దక్కేది.

"మాకూ లోపల పని ఇప్పించు రాణెమ్మా," అని సింగారి అనే నల్లచీమ అడిగింది.

"గుడ్లు మోసే నేర్పు మీకెక్కడిది?" అంది రాణి.

"ఒక్కరోజు రంగు తెలియకుండా అందరికీ బూడిద పూసి పరీక్షించి చూడు తల్లీ," అంది పుట్ట పక్కనే ఉండే ముసలి తాబేలు. రాణి సరేనంది.

మర్నాడు చీమలన్నీ ఒళ్ళంతా బూడిద పూసుకుని లోపలికి వెళ్ళాయి. పనిలో తడబడే నల్లవాటిని పట్టుకుందామని రాణి సాయంత్రం దాకా చూసింది. ఒక్కదాన్నీ పోల్చుకోలేకపోయింది. వేలాది చీమలు గుడ్డుకు గీత పడకుండా, నీళ్ళు పారినంత మెత్తగా సాగిపోయాయి. ఇంత నేర్పు ఇన్నాళ్ళూ తన గుమ్మం బయటే ఉందా!

రాణి పక్కకు జరిగి దారిచ్చింది. "సింగారీ, రేపు అందరూ బూడిద లేకుండానే లోపలికి రండి. ఇక అందరికీ గింజలే," అంది.