అలివేలు సమ్మతి

మోకాళ్లు, చెవులు, గుండె కవాటాలు మార్పించుకోవడం కళ్లజోడు మార్చుకున్నంత మామూలైపోయిన రోజులవి. కాకినాడలో డ్రోన్లు బాగుచేసే ఆదిశేషు మాత్రం వారం రోజులుగా ఒంటి సంగతులు, ఆసుపత్రి కబుర్లు చెప్పే ఇంట్లోని ఆరోగ్య అద్దం మీద తువ్వాలు కప్పి ఉంచాడు.

ఆదివారం ఉదయం ఉతకడానికని భార్య అలివేలు ఆ తువ్వాలు లాగింది. వెంటనే అద్దం మర్యాదగా పలికింది. "ఆదిశేషు గారూ, అంగస్తంభన కోసం మీరు అడిగిన ఇంప్లాంటుకు మీ భార్య సమ్మతి ఇంకా అందలేదు."

ఇడ్లీ తింటున్న ఆదిశేషు తల దించుకున్నాడు. చక్కెర జబ్బు ముదిరిన ఈ నాలుగేళ్లలో ఇద్దరూ ఆ విషయం ఎత్తలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదండీ?" అంది అలివేలు.

"పెట్టించుకోవాలో వద్దో తేల్చుకోలేకపోయాను. ఈ వయసులో ఇదేం కోరికని నవ్వుతావేమోనని..."

"నాకు లేదనుకున్నారా ఆ కోరిక?" అంది అలివేలు. "చేయించుకోండి. కానీ నా పక్కన కూర్చోడానిక్కూడా ఆపరేషను కావాలా? వంటింట్లో ఎదురుపడితే తప్పుకుని పోతారు. నామీద మనసు విరిగిందనుకున్నాను."

"దగ్గరికొస్తే ఆశపెట్టినట్టవుతుందని భయం, అలివేలూ. అందుకే అసలు రావడమే మానేశాను."

ఆమె సమ్మతిగా అద్దం మీద బొటనవేలు నొక్కింది. ఇంకో ఇరవై రోజుల్లో ఆపరేషను అని తేదీ కనిపించింది.

ఆదిశేషు చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక, కొత్త పెళ్లికొడుకులా ఆమె చిటికెనవేలు పట్టుకున్నాడు.

"బట్టలుతకాలండీ," అంది అలివేలు. వేలు మాత్రం విడిపించుకోలేదు.