పడదు

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బే. వాన లేదు, ఒట్టి ఉక్క. ఇలాంటి రోజు బెల్లం పాకం గట్టిపడదు, వేరుశనగ ఉండలు చేతికి అతుక్కుంటాయి. ఇలియాస్ మదనపల్లెలోని తన బట్టీలో పొయ్యి వెలిగించలేదు.

"పని లేకుంటే పుంగనూరికి పోయి పెండ్లాన్ని సూసి రాకూడదా?" అన్నాడు పక్క టీకొట్టు ఎల్లప్ప. "మా ఆమె దినమ్మూ కండ్లముందరే ఉంటాది. నీకుండే అదృష్టం నాకు యాడిదప్పా!"

ఇలియాస్ నవ్వలేదు.

కూతురు కుల్సుమ్‌కు వేరుశనగ పడదు. ఆరేండ్లప్పుడు ఒక్క పలుకు నమిలితే పెదాలు వాచి, ఊపిరాడక, చావు దాకా పోయి వచ్చింది. తండ్రి చొక్కాకు అంటిన పొడి చాలు, ఒళ్ళంతా దద్దుర్లు.

"బిడ్డ కావాల్నా, బట్టీ కావాల్నా?" అంది భార్య ఫర్జానా.

ఇలియాస్‌కు తెలిసిన పని అదొక్కటే. బట్టీని పుంగనూరి ఇంటినుంచి మదనపల్లెకు మార్చాడు. తనూ అక్కడే పడుకున్నాడు. శుక్రవారం పుంగనూరు పోయి, వీధిలో నిలబడి, కిటికీలోంచి బిడ్డను చూసి వచ్చేవాడు.

కుప్పంలో ఒక ఆసుపత్రివాళ్ళు కొత్త మందు పరీక్షిస్తున్నారంటే కుల్సుమ్‌ను చేర్చారు. వేరుశనగలోని ప్రొటీన్‌నే కంటికి కనబడని నానో రేణువుల్లో దాచి, రోజూ పెరుగులో కలిపి ఇంతింత మింగిస్తారు. ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి తిరగబడదు. మెల్లగా అలవాటు పడుతుంది.

ఆసుపత్రికి ఎప్పుడూ ఫర్జానాయే తీసుకుపోయేది. "నువ్వు రావద్దు. నీ చెయ్యి పడదు" అనేది. బిడ్డకు బాగైందా అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "ఇంకా కొంచెం ఉండాది." అదీ ఆమె వీధిలోకి వచ్చినప్పుడు కుడిచెవి వైపు నిలబడి అడిగితేనే. ఎడమ చెవి వినబడదు.

ఎల్లప్ప మాట ముల్లులా గుచ్చుకుంది. ఇలియాస్ స్నానం చేసి, ఉతికిన బట్టలు తొడుక్కుని, కుప్పం బస్సెక్కాడు.

డాక్టరు మాధవీలతకు సలాం చేశాడు. "అమ్మా, నేను కుల్సుమ్ తండ్రిని. నా బిడ్డకు ఈ మందు ఇంకెన్నాళ్ళు?"

ఆమె అతనివైపు వింతగా చూసింది.

"పాపకు నయమై రెండేండ్లయింది కదప్పా! మా ముందరే గుప్పెడు చెనిక్కాయలు తినింది. అలవాటు తప్పకుండా రోజూ నాలుగు పలుకులు పెట్టమన్నాం. మీ ఆమె చెప్పలేదా?"

తిరుగు బస్సులో ఇలియాస్ లెక్క వేసుకున్నాడు. రెండేండ్లు. వానకు కారే రేకుల కింద, మూటల మధ్య పడుకున్నాడు. రెండు రంజాన్ పండగలకూ ఒక్కడే తిన్నాడు. బిడ్డ తల ఒక్కసారి కూడా నిమరలేదు.

పుంగనూరులో దిగి, ఇంటికి పోయి, తలుపు తోశాడు.

కుల్సుమ్ నడవలో కూర్చుని వేయించిన కాయలు ఒలుచుకు తింటోంది. తండ్రిని చూడగానే ఒడిలోని పొట్టు నేల మీద పడేసి, లేచి తల్లి వెనక్కు పోయింది.

"యాల ఇట్ల సేసినావు?"

ఫర్జానా పలకలేదు. ఇలియాస్ ఆమె కుడిచెవి వైపుకు పోయి మళ్ళీ అడిగాడు.

"బిడ్డకు బాగైందని నాకు యాల చెప్పలేదు? పడదు పడదంటివే!"

"చెనిక్కాయ పడతాది" అంది ఫర్జానా. అంతే.

ఇలియాస్ పోయి చేతులు కడుక్కున్నాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. "పెట్టు" అన్నాడు.

ఆమె చాప పరిచింది. రాగి సంగటి, వేరుశనగ చట్నీ. ముగ్గురూ కూర్చున్నారు. మూడు పళ్ళేల్లో మూడు చేతులు కదులుతున్నాయి. కోపం ఇంకా దిగలేదు గానీ, పక్కన కూర్చున్న బిడ్డ ముద్ద మింగుతుంటే ఇలియాస్ తినడం ఆపి చూస్తుండిపోయాడు.

కుల్సుమ్ బుగ్గకు అంటిన చట్నీ తుడుద్దామని అతను చెయ్యెత్తాడు. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒక్కసారే మోచేతులు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు.